పాత ఫొటో ఒక్కటే ఉంటే అమెరికన్ గూడ్సు పెట్టె మోడల్ కట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 1940ల నాటి అమెరికన్ బాక్స్‌కార్ ఫొటో ఒకటి మీకు దొరికింది. బాక్స్‌కార్ అంటే పక్కలన్నీ మూసి, పైన కప్పు ఉన్న గూడ్సు పెట్టె. మూల నుంచి ఏటవాలుగా తీసింది కాబట్టి ఒక పక్క, ఒక చివర కనిపిస్తున్నాయి. నంబరులో ఆఖరి అంకె 3 లాగానూ ఉంది, 8 లాగానూ ఉంది. డ్రాయింగ్ దొరకలేదు. చక్రం సైజు తెలుసు కాబట్టి దాన్ని బట్టి మిగతావన్నీ ఫొటో మీదే కొలిచి 1:87లో, అంటే అసలు సైజులో 87వ వంతుగా, మోడల్ కట్టేయొచ్చా, కనిపించని రెండో పక్కకి ఏం చేయాలి, నలుపు తెలుపు ఫొటోలో రంగు ఎలా పట్టుకోవాలి అని అడిగారు.

కట్టొచ్చు. నేను కట్టినవాటిలో సగానికి పైగా అలాంటివే. కాకపోతే ఫొటో మీద కొలవడం అన్నిటికంటే చివరి పని. ముందు పెట్టె మీద రాసి ఉన్నదంతా చదవండి. పొడవు, ఎత్తు, వెడల్పు లాంటి పెద్ద కొలతలు ఆ రాతల్లోంచి, నంబరు పట్టుకుని గూడ్సు పెట్టెల రిజిస్టర్లోంచి వస్తాయి. ఫొటో ఇవ్వాల్సింది రివెట్ల వరసలు, తలుపు రకం, నిచ్చెన మెట్లు, కప్పు మడతలు. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో నా మొదటి పెట్టె చెబుతుంది.

పక్క నుంచి నేరుగా తీసిన చక్కటి ఫొటో అది. ఆ కాలపు మామూలు గూడ్సు పెట్టె చక్రం 33 అంగుళాలు. వెర్నియర్‌తో చక్రం కొలిచాను, పెట్టె పొడవు కొలిచాను, భాగించాను. 42 అడుగులు తేలింది. ఇలాంటి పొడవు పెట్టె ఎవరు కట్టారబ్బా అని కాస్త అనుమానం వచ్చింది గానీ, లెక్క కళ్ల ముందుంది కదా అని ప్లాస్టిక్ షీటు కోసేశాను. రెండు నెలల తర్వాత పూర్తయిన పెట్టెను మిగతా పెట్టెల పక్కన పట్టాల మీద పెడితే, అరువు చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా కనిపించింది. అసలు పెట్టె 40 అడుగులదే.

తప్పు ఎక్కడంటే, చక్రమూ పెట్టె పక్కా ఒకే తలంలో ఉండవు. పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు, పెట్టె వెడల్పు తొమ్మిది అడుగుల పైమాటే. అంటే పెట్టె పక్క కంటే చక్రం బయటి ముఖం దాదాపు రెండడుగులు లోపలికి ఉంటుంది. కెమెరా నలభై అడుగుల దూరంలో ఉంటే ఆ రెండడుగుల తేడాకే చక్రం 5 శాతం చిన్నగా కనిపిస్తుంది. చిన్నగా కనిపించిన చక్రంతో భాగిస్తే 40 అడుగుల పెట్టె 42 అడుగులు అవుతుంది. పైగా చక్రంలో సగం ట్రక్ చట్రం వెనక దాక్కుంటుంది, తిరిగి తిరిగి అరిగి కూడా ఉంటుంది. రైళ్ల విషయంలో అమెరికా వాళ్లు ట్రక్ అనేది లారీని కాదు, నాలుగు చక్రాల చట్రాన్ని. మన దగ్గర బోగీ అంటే పెట్టె మొత్తం అనుకుంటారు కాబట్టి ఇక్కడ ట్రక్ అనే రాస్తాను.

ఆ రోజు నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను: పెద్ద కొలత నుంచి చిన్నదానికి రావాలి గానీ, చిన్నదాన్ని సాగదీసి పెద్దది కట్టకూడదు. చక్రం మీద అంగుళం పొరపాటు పడితే అది పెట్టె పొడవు దగ్గరికి వచ్చేసరికి అడుగు దాటుతుంది. అదే పొడవు మీద అడుగు పొరపడ్డా, దాని నుంచి తీసిన నిచ్చెన మెట్టు మీద అర అంగుళం కూడా తేడా రాదు.

ఇక రాతల సంగతి. ఆ రోజుల్లో బాక్స్‌కార్ పక్కకి ఎదురుగా నిలబడితే, తలుపుకి ఎడమ వైపు రైలు కంపెనీ పొడి అక్షరాలు, కింద నంబరు, ఆ కింద మూడు వరసల్లో బరువులు ఉంటాయి. మొదటిది సీఏపీవై, అంటే నామమాత్రపు సామర్థ్యం. రెండోది ఎల్‌డీ ఎల్‌ఎంటీ, ఎక్కించదగ్గ గరిష్ఠ సరుకు. మూడోది ఎల్‌టీ డబ్ల్యూటీ, ఖాళీ పెట్టె బరువు. తలుపుకి కుడి వైపు లోపలి కొలతలు, ఘనపుటడుగులు, కట్టిన నెల, సంవత్సరం ఉంటాయి. మీ ఫొటో స్కాన్‌ను బాగా పెద్దది చేసి ఈ రెండు చోట్లా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవండి. అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

సగం చెరిగిపోయినా పనికొచ్చే కిటుకు ఒకటుంది. ఎల్‌డీ ఎల్‌ఎంటీని, ఎల్‌టీ డబ్ల్యూటీని కలిపితే వచ్చే మొత్తం ఇరుసు కొన సైజును బట్టి నిర్ణయమై ఉండేది. ఆ కాలంలో 40 టన్నుల పెట్టెకు అది 1,36,000 పౌండ్లు, 50 టన్నులదానికి 1,69,000, 70 టన్నులదానికి 2,10,000. ఖాళీ బరువు 46,700 అని మాత్రమే కనిపించి, పెట్టె 50 టన్నులదని తెలిస్తే, కనిపించని అంకె 1,22,300. డెకాల్ (అక్షరాలు, అంకెలు అచ్చు వేసిన, మోడల్ మీద అతికించే పల్చటి పొర) వేసేటప్పుడు ఇది ఎంత పనికొస్తుందో చెప్పలేను. రెండూ కనిపిస్తే ఉల్టాగా, కూడి చూసి ట్రక్ ఏ తరగతిదో తేల్చుకోవచ్చు. ఒక ఫొటోలో ట్రక్ పూర్తిగా నీడలో ఉండి 40 టన్నులదా 50 టన్నులదా అని నేను వారం రోజులు కొట్టుకున్నాను. కూడిక చేయడానికి పది సెకన్లు పట్టింది.

నంబరు తెలిశాక అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ తిరగేయాలి. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ లైను మీదికి వెళ్లే ప్రతి గూడ్సు పెట్టె వివరం అందులో ఉంటుంది. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఇన్ని పెట్టెలు, లోపలి పొడవు ఇంత, బయటి పొడవు ఇంత, పట్టాల నుంచి చూరు దాకా ఎత్తు ఇంత, తలుపు వెడల్పు ఇంత అని వరసగా. పాత సంచికల స్కాన్లు, పునర్ముద్రణలు దొరుకుతాయి. మీ ఫొటో ఏడాదికి వీలైనంత దగ్గరి సంచిక చూడండి, ఎందుకంటే పాత పెట్టెలు తుక్కుకి పోయాక అవే నంబర్లు కొత్త పెట్టెలకు వేసేవారు. కింద సన్నటి అక్షరాల్లో ఉండే గమనికలు వదిలేయకండి. "ఈ నంబర్ల పెట్టెలకు మాత్రం కొలతలు వేరు" అని మెలిక పెట్టేది అక్కడే.

కొలతలు చూడగానే చాలాసార్లు పెట్టె ఏ కుటుంబానిదో తెలిసిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం రైల్వేలను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకే నమూనాలతో దాదాపు లక్ష గూడ్సు పెట్టెలు కట్టించింది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1924 నుంచి ఎక్స్29 అనే ఉక్కు పెట్టెలను వేల సంఖ్యలో కట్టింది. 1937లో రైల్‌రోడ్ల సంఘం ఏఏఆర్ ఒక ప్రామాణిక ఉక్కు బాక్స్‌కార్ నమూనా ఇచ్చింది: లోపలి పొడవు 40 అడుగుల 6 అంగుళాలు, లోపలి ఎత్తు 10 అడుగులు. మీది ఆ కుటుంబంలోదైతే అదృష్టవంతులు, పక్కలు ఉన్న కిట్ దొరికే అవకాశం ఉంది. చివరలు, కప్పు, తలుపు మార్చుకుంటే చాలు.

ఫొటో కింద రాసిన సంవత్సరాన్ని నమ్మకండి. ఫొటో తీసినవాడు రాసింది ఒకటైతే, అమ్మినవాడు ఊహించింది ఇంకోటి. పెట్టె మీదే తారీఖులు ఉంటాయి. కట్టిన తేదీ కాదు నేను చెప్పేది. పెట్టెను మళ్లీ తూచినప్పుడల్లా ఖాళీ బరువు పక్కన తూచిన చోటు గుర్తు, నెల, సంవత్సరం కొత్తగా స్టెన్సిల్ కొట్టేవారు. అంతకంటే దగ్గరి తారీఖు కింది అంచు మీద, ట్రక్కుకి దగ్గర్లో ఉంటుంది. ఇరుసు పెట్టెల్లో నూనె పీచు మార్చినప్పుడు కొట్టిన ఆర్‌పీకేడీ అనే చిన్న స్టెన్సిల్ అది. ఆ పని ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి తప్పనిసరి కాబట్టి, అది చదవగలిగితే ఫొటో తీసిన కాలం ఆ మాత్రం తేడాలో దొరికినట్టే.

నా దగ్గర ఒక ఫొటో ఉంది, వంతెన మీద నుంచి తీసింది, వెనక పెన్సిలుతో 1938 అని రాసి ఉంది. దాని ఆధారంగా నా 1938 నాటి రైలులోకి ఒక పెట్టె కట్టడం మొదలుపెట్టాను. కప్పు దగ్గరికి వచ్చేసరికి అనుమానం వచ్చింది. కప్పు పలకల మీద ఉబ్బెత్తు మడతలు మూల నుంచి మూలకి ఏటవాలుగా ఉన్నాయి. ఆ రకం కప్పు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చింది. అప్పుడు స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే తూకం తేదీలో 51 కనిపించింది. పదమూడేళ్ల తేడా! రైలు మార్చలేక పెట్టెనే పక్కన పెట్టాను.

తారీఖు చెప్పే వస్తువులు ఇంకా ఉన్నాయి, అన్నీ రాయను. బ్రేకు మాత్రం చూడండి. పెట్టె అడుగున సిలిండరు, గాలి ట్యాంకు ఒకే ముద్దగా అతుక్కుని ఉంటే అది పాత కే బ్రేకు. సిలిండరు, ట్యాంకు, వాల్వు మూడూ విడివిడిగా వేలాడుతుంటే ఏబీ బ్రేకు. 1933 నుంచి కొత్త పెట్టెలకు ఏబీ తప్పనిసరి. కే ఉన్న పాత పెట్టెలు మాత్రం 1953 దాకా ఇతర కంపెనీల లైన్ల మీద తిరిగాయి. కాబట్టి 1940ల మీ ఫొటోలో రెండింటిలో ఏదైనా ఉండొచ్చు. కట్టిన తేదీ చూసి ఇదే అయ్యుంటుందని ఊహించుకోకుండా కళ్లతో చూసి పెట్టండి.

కనిపించని రెండో పక్క గురించి మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఇది నిజానికి తేలిక. బాక్స్‌కార్ రెండు పక్కలూ అద్దంలో ప్రతిబింబంలా ఉండవు. పెట్టెను బల్ల మీద పెట్టి అర చుట్టు తిప్పితే ఎలా కనిపిస్తుందో, రెండో పక్క అలా ఉంటుంది. అప్పటి భద్రతా నిబంధనల ప్రకారం ఏ పక్కకి ఎదురుగా నిలబడ్డా నిచ్చెన కుడి చివరే ఉండాలి. చివరలకి ఎదురుగా నిలబడితే నిచ్చెన ఎడమ వైపు ఉండాలి. ఎందుకంటే ఆ రెండు నిచ్చెనలూ ఒకే మూలను పంచుకుంటాయి. చేతి బ్రేకు ఒక్క చివరే ఉంటుంది, అది బీ చివర, అక్కడా చక్రం మధ్యకి కాస్త ఎడమగా ఉంటుంది. కాబట్టి మీకు ఒక పక్క, ఒక చివర కనిపిస్తున్నాయంటే పెట్టెలో మూడొంతులు చేతిలో ఉన్నట్టే. మొదట్లో నేను కనిపించే పక్కను కంప్యూటర్లో అద్దంలా తిప్పేసి రెండో పక్క గీసుకున్నాను. నిచ్చెన ఎడమకి పోయింది. అంతా అతికించాక చూసుకున్నాను.

కనిపించని పక్క విషయంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది రాతల దగ్గర. శాంటా ఫే అనే రైలు కంపెనీ వాళ్లు 1940 నుంచి బాక్స్‌కార్లకి ఒక పక్క తమ లైన్ల మ్యాపు, రెండో పక్క తమ ప్యాసింజర్ రైలు పేరుతో ప్రచారం రాసేవారు. మ్యాపు ఉన్న ఫొటో ఒక్కటే చూసి రెండు పక్కలా మ్యాపు వేసినవాళ్లను నేను చూశాను. అలాగని ప్రతి కంపెనీ అలా చేయలేదు, చాలావాటికి రెండు పక్కలూ ఒకటే. మీ కంపెనీ పెట్టె వేరే ఫొటో ఏదైనా, వేరే నంబరుదైనా సరే, రెండో పక్క నుంచి తీసింది ఒకటి వెతకండి.

ఆ రెండో ఫొటో ఎక్కడ దొరుకుతుందంటే, గూడ్సు పెట్టెల ఫొటోల్లో మాత్రమే వెతక్కండి. ఆ రోజుల్లో ఫొటోలు తీసేవాళ్లకి ఇంజన్ల మీదే మోజు. గూడ్సు పెట్టెను ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఇంజను వెనక తగిలించినవి, పక్క లైనులో నిలబడినవి గూడ్సు పెట్టెలే కదా. ప్రమాదాల ఫొటోలు మరీ విలువైనవి. పాపం ఎవరికో కష్టం వచ్చిన రోజు అది, కానీ పెట్టె అడుగు భాగం కళ్లకి కనిపించేది బోల్తా పడినప్పుడే. కర్మాగారాల్లో కొత్త పెట్టెను బయటికి తెచ్చి తీసిన బిల్డర్ ఫొటోలు సంగ్రహాలయాల్లో, గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో రైలు పెట్టెలు కట్టిన పుల్‌మన్ కంపెనీ సంగ్రహం ఉంది. సెయింట్ లూయిస్‌లోని బారిగర్ రైల్‌రోడ్ లైబ్రరీ అయితే చాలా ఫొటోలు ఆన్‌లైన్లో పెట్టింది. బిల్డర్ ఫొటో నాణ్యత అద్భుతం, ప్రతి రివెట్టూ లెక్కపెట్టొచ్చు. అయితే అది పెట్టె పుట్టిన రోజు ఫొటో. పదేళ్లు తిరిగాక తలుపు మారి ఉంటుంది, కప్పు మీది నడక పలకలు మారి ఉంటాయి, రంగు మళ్లీ వేసి ఉంటారు. రివెట్లకి బిల్డర్ ఫొటో, మిగతావాటికి మీ ఫొటో.

ఇప్పుడు కొలవడం. మీది ఏటవాలు ఫొటో కాబట్టి స్కేలు నేరుగా పెడితే దగ్గరి సగం పొడవుగా, దూరపు సగం కురచగా వస్తుంది. ముందు ఆ పక్క నాలుగు మూలలూ గుర్తించండి: చూరు దగ్గర రెండు, కింది అంచు దగ్గర రెండు. ఎదురెదురు మూలల్ని కలుపుతూ రెండు గీతలు గీయండి. అవి ఖండించుకున్న చోటు పెట్టె పక్కకి అసలైన మధ్య, ఫొటోలో అది దూరపు మూలకి దగ్గరగా జరిగినట్టు కనిపించినా సరే. తలుపు దారి మధ్య భాగం దాదాపు అక్కడే ఉండాలి (కార్లు ఎక్కించే ఒకటిన్నర తలుపుల పెట్టెలు మినహాయింపు). లేదంటే మూలలు సరిగ్గా గుర్తించలేదని అర్థం. ఆ మధ్య గీతకి అటూ ఇటూ మళ్లీ అదే పని చేస్తే పావులు వస్తాయి, ఇంకోసారి చేస్తే అరపావులు. పొడవు రిజిస్టర్లో ఉంది కాబట్టి ఒక్కో భాగం ఎన్ని అంగుళాలో తెలుస్తుంది, ఆ భాగంలో రివెట్ వరస ఎక్కడ పడిందో చూసి రాసుకోవడమే.

చేత్తో గీయడం విసుగనిపిస్తే గింప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ నాలుగు మూలలూ పట్టి లాగి దీర్ఘచతురస్రం చేసుకోవచ్చు. నేను ఇప్పుడు అలాగే చేస్తాను. పొడవుకి రిజిస్టర్ కొలత ఉంది. ఎత్తుకి పట్టాల నుంచి చూరు దాకా ఇచ్చిన కొలతలోంచి, పట్టాల నుంచి కింది అంచు దాకా దూరం తీసేయండి. ఆ ఒక్క చిన్న దూరం చక్రంతో పోల్చి ఫొటోలోంచి తీసుకున్నా ఫర్వాలేదు, తప్పు వచ్చినా ఒకటి రెండు అంగుళాలు, 1:87లో అర మిల్లీమీటరు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ సరిచేసేది ఆ ఒక్క తలాన్నే. పక్క నుంచి ముందుకి పొడుచుకొచ్చిన నిచ్చెన, లోపలికి ఉన్న ట్రక్, పైన ఉన్న నడక పలక సరైన చోట పడవు. వాటిని ఆ చిత్రం మీద కొలవకండి.

నేరుగా పక్క నుంచి తీసిన ఫొటో దొరికితే కొలిచే ముందు చక్రం వైపు చూడండి. గుండ్రంగా ఉందా? కోడిగుడ్డులా ఉందంటే పత్రికలో అచ్చు వేసినప్పుడో, వెబ్‌సైటులో పెట్టినప్పుడో ఎవరో జాగా కోసం ఫొటోను సాగదీశారు. ఇది నాకు మూడుసార్లు ఎదురైంది.

అసలు డ్రాయింగ్ దొరికినా ఫొటో పక్కన పెట్టకూడదనడానికి ఒక ఉదాహరణ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ ప్రభుత్వ చెక్క పెట్టెలను 1930లు, 40లలో చాలా కంపెనీలు చెక్క పీకేసి ఉక్కు పక్కలతో తిరగకట్టాయి. పాత అడుగు చట్రం అలాగే ఉంచి కొత్త పక్కలు కాస్త బయటికి పెట్టడంతో, ఉక్కు పక్క కింద చట్రం అంచు లోపలికి తగ్గి, మధ్యలో చిన్న చిన్న ఆనింపులు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే మామూలు ఉక్కు పెట్టె. కింద ఆ నీడ చూస్తేనే తెలుస్తుంది. మీ ఫొటోలో కింది అంచు దగ్గర అలాంటి మెట్టులాంటి నీడ ఉందేమో చూడండి. ఉంటే 1937 నమూనా కిట్ కొనొద్దు, డబ్బు దండగ.

రంగు విషయానికొద్దాం. నలుపు తెలుపు ఫొటోలో ముదురు బూడిద రంగు చూసి నలుపు వేయకండి. నేను వేశాను. ఆ కాలపు ఫిల్ముల్లో ఆర్థోక్రోమాటిక్ అనే రకం ఎరుపును పట్టుకోలేదు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. గూడ్సు పెట్టెల్లో ఎక్కువ భాగం ఇనుప తుప్పు లాంటి ఎర్రమట్టి రంగువే కాబట్టి ఆ ఫిల్ము మీద బొగ్గులా కనిపిస్తాయి. ఇది మరీ పాతకాలపు ముచ్చట అనుకోకండి. కొడాక్ 1931లో తెచ్చిన వెరిక్రోమ్ ఫిల్ము ఈ రకమే, దాని స్థానంలో వెరిక్రోమ్ పాన్ వచ్చింది 1956లో. మామూలు కెమెరా పట్టుకు తిరిగినవాళ్ల 1940ల ఫొటోల్లో దాని మీద తీసినవి చాలానే ఉంటాయి.

ఏ ఫిల్మో పట్టడానికి ఫొటోలో మీకు రంగు తెలిసిన వస్తువు వెతకండి. ఎక్కడైనా అమెరికా జెండా ఎగురుతుంటే పండగే: నీలం గడి కంటే ఎర్ర చారలు నల్లగా కనిపిస్తే అది ఎరుపును పట్టని ఫిల్ము. జెండా లేకపోతే పండ్లు మోసే పసుపు ఐసు పెట్టెలు పక్కన ఉన్నాయేమో చూడండి. ఆ ఫిల్ము మీద అవి కూడా ఉండాల్సినదానికంటే మురికిగా, ముదురుగా పడతాయి.

ఇక ఎర్రమట్టి రంగులో ఏ ఛాయ అనేదానికి నిజమైన రంగు ఫొటోలే దిక్కు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా జాక్ డెలానో 1942-43ల్లో రైల్వే యార్డులను కోడాక్రోమ్ అనే రంగు ఫిల్ము మీద తీశాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో పెద్ద సైజు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. షికాగో దగ్గరి ప్రొవిసో యార్డు ఫొటో ఒకటి తెరిచి పెట్టెల్ని ఒక్కొక్కటే చూస్తూ పోండి. ఒకే ఎండలో నిలబడిన పెట్టెల్లో ఒకటి ఇటుక రంగు, ఒకటి చాక్లెట్, ఒకటి మసి పట్టి నల్లబడింది. వాటి మధ్య ఎక్కడో ఒకటి కొత్తగా రంగు వేయించుకుని వెలిగిపోతుంటుంది. సీసా మీద రాసి ఉన్న రంగు పేరు చూసి వాదించుకునేవాళ్లకి నేను ఆ ఫొటో పంపి ఊరుకుంటాను. మీ పెట్టె మీద తూకం తారీఖు చుట్టూ చిన్న చదరం కొత్త రంగుతో మెరుస్తూ, మిగతా పక్క వెలిసి ఉంటే ఆ తేడా తప్పకుండా పెట్టండి. పాత స్టెన్సిల్ మీద కొత్త రంగు పూసి, దాని మీద కొత్త అంకెలు కొట్టేవారు. రెండు సెంటీమీటర్లు కూడా లేని ఆ మచ్చ, మొత్తం పెట్టెకి మసి పూయడం కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

కట్టడం గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటే: రివెట్లకి డెకాల్ మీద రెసిన్ చుక్కలు ఉన్నవి దొరుకుతాయి, అవే వాడండి. సూదితో వెనక నుంచి పొడిచి రివెట్లు తేల్చడం నేను ఒక పెట్టెకి చేశాను, రెండోదానికి చేయలేదు.

చివరిగా మీ 3, 8 సమస్య. ఒకే తరహా పెట్టెల నంబర్లు వందల్లో, వేలల్లో వరసగా ఉంటాయి కాబట్టి రిజిస్టర్ చూడ్డానికి ఆఖరి అంకెతో పని లేదు, ముందున్న అంకెలు చాలు. డెకాల్‌కి మాత్రం కావాలి. చివర వైపు కూడా అదే నంబరు రాసి ఉంటుంది. మీ ఫొటోలో ఒక చివర కనిపిస్తోందన్నారు కదా, అక్కడ వెలుతురు వేరుగా పడి ఉంటుంది, కాంట్రాస్ట్ పెంచి చూడండి. అక్కడా తేలకపోతే 3 వేయండి. తర్వాత ఎవరైనా అది 8 అని రుజువు చేస్తే సన్నటి బ్రష్‌తో ఎడమ వైపు రెండు వంపులు కలిపేస్తే సరిపోతుంది. ముందే 8 వేసి కూర్చుంటే గీకాలి.